పాత కంప్యూటర్లు స్కూలుకి ఇస్తున్నాం, ఫార్మాట్ కొట్టిస్తే డేటా నిజంగా పోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారు వాడిన 2012 నాటి డెస్క్‌టాప్ ఒకటి, మీరు 2019లో కొన్న లాప్‌టాప్ ఒకటి, రెండూ మీ ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలుకి ఇద్దామనుకుంటున్నారు. డెస్క్‌టాప్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7. లాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో డేటా దాచే డ్రైవు), దానికి తోడు 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. షాపతను "ఫార్మాట్ కొట్టి ఇస్తా సార్, ఏమీ మిగలదు" అన్నాడు. యూట్యూబ్‌లో ఒకాయన 35 సార్లు చెరిపితే గానీ పోదన్నాడు. ఎవరి మాట నమ్మాలని మీ ప్రశ్న.

ఇద్దరినీ పక్కన పెట్టండి. సర్వీసింగ్, డేటా రికవరీ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: షాపతను చేసేది చాలదు, యూట్యూబ్ ఆయన చెప్పింది అక్కర్లేదు. హార్డ్ డిస్క్ అయితే మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి సున్నాలతో నింపితే సరిపోతుంది. ఎస్ఎస్‌డీ అయితే దాని సొంత ఎరేజ్ కమాండ్‌తో చెరపాలి. తర్వాత నిజంగా పోయిందో లేదో మీరే చూసుకోవాలి. నేను చూసినంతలో జనం దెబ్బతినేది చెరిపే పద్ధతి దగ్గర కాదు. చెరపాల్సినవాటిలో ఒక డిస్కునో ఒక పార్టిషన్‌నో (డిస్కులో సి, డి లాంటి ముక్కనో) మర్చిపోవడం దగ్గర.

ముందు షాపులో జరిగేదేమిటో చెబుతాను. విండోస్ పెన్‌డ్రైవ్ పెడతారు, సి డ్రైవ్ ఎంచుకుని ఫార్మాట్ నొక్కుతారు, కొన్ని సెకన్లలో అయిపోతుంది, కొత్త విండోస్ ఎక్కిస్తారు. 500 జీబీ డిస్కు మొత్తం ఒకసారి రాయాలంటేనే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. మరి సెకన్లలో ఏం చెరిగినట్టు? ఏ ఫైలు ఎక్కడుందో విండోస్ రాసుకున్న పట్టిక ఒక్కటే. ఫోటోలు, పీడీఎఫ్‌లు ఎక్కడివక్కడే పడి ఉంటాయి. కొత్త విండోస్ ఎంత మేర రాసుకుందో అంత మేర పాత డేటా పోతుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది. రెకువా, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి ఓ పూట వదిలేస్తే చాలావరకు బయటికొస్తుంది. దానికి పెద్ద హ్యాకర్ అవసరం లేదు, ఇంటర్ చదివే కుర్రాడు చాలు. రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం, షిఫ్ట్ నొక్కి డిలీట్ చేయడం కూడా ఇదే బాపతు.

ఇంకో అలవాటు మన దగ్గర బలంగా ఉంది. కొత్త కంప్యూటర్ కొన్న రోజునే షాపువాడు డిస్కుని సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇస్తాడు. "డేటా అంతా డి డ్రైవ్‌లో పెట్టుకోండి, విండోస్ పోయినా అది పోదు" అని ఓ సలహా కూడా ఇస్తాడు. ఆ రోజుకి అది మంచి సలహానే. అదే ఇప్పుడు తిరగబడుతుంది. ఫార్మాట్ కొట్టమంటే డి డ్రైవ్ జోలికి పోకుండా ఉండటం మెకానిక్‌కి అలవాటైపోయింది. కస్టమర్ డేటా పోతే గొడవవుతుంది కాబట్టి అతని దృష్టిలో అదే జాగ్రత్త. ఫలితం ఏమిటంటే పెళ్ళి ఫోటోలు, పొలం పాస్‌బుక్ స్కాన్లు, ఎల్ఐసీ బాండ్లు రికవరీ కూడా అక్కర్లేకుండా, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునేలా కొత్త ఓనర్ చేతికి పోతాయి. మీ లాప్‌టాప్‌లో ఆ 1 టీబీ డిస్కు పరిస్థితి కచ్చితంగా ఇదే. విండోస్ ఎస్ఎస్‌డీ మీద ఉంటుంది, ఫార్మాట్ దానికే జరుగుతుంది, రెండో డిస్కుని ఎవరూ ముట్టుకోరు.

"మా నాన్నగారి కంప్యూటర్లో ఏముంటాయి, పెన్షన్ కాగితాలు తప్ప" అని కూడా రాశారు. ఆ కాగితాలే అసలు ప్రమాదం. విండోస్ పాస్‌వర్డ్ పెట్టాం కదా అంటారు చాలామంది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారి, ఉండకపోతే ఆ పాస్‌వర్డ్‌తో పనే లేదు. డిస్కు ఊడదీసి యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే అన్ని ఫోల్డర్లూ కనిపిస్తాయి. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ఇంకొందరు. ఇ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ నుంచి దింపే ఏఐఎస్ (ఏడాది ఆదాయ, లావాదేవీల వివరాల పత్రం) పాస్‌వర్డ్ పాన్ నంబరు, పుట్టిన తేదీ. ఈ వివరాలన్నీ అదే డిస్కులో ఇంకో ఫోల్డర్లో ఉన్న పదో తరగతి మెమోలోనూ పాన్ కార్డు స్కాన్‌లోనూ ఉంటాయి. తాళం, తాళంచెవి ఒకే చోట ఉన్నట్టు. వీటికి తోడు బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ అయ్యే ఉన్న జీమెయిల్, కంప్యూటర్ వాట్సాప్‌లో వచ్చిన ఫైళ్ళు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2000 నుంచి 2002 మధ్య 158 పాత డిస్కులు కొని చూశారు. వాటిలో పనిచేసినవి 129. సరిగ్గా చెరిపి అమ్మినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5 వేలకి పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఒకటైతే ఏటీఎంలో వాడిన డిస్కు. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. అప్పటికీ ఇప్పటికీ మనుషుల తీరు పెద్దగా మారలేదు. రికవరీకి నా దగ్గరికి వచ్చే డిస్కుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి ఉంటే, తెచ్చినవాళ్ళ ఫైళ్ళతో పాటు అంతకుముందు ఎవరివో ఫోటోలు కూడా తేలుతూనే ఉంటాయి.

ఇక పనిలోకి దిగుదాం. మొదటి పని బ్యాకప్. ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, డి, ఇ డ్రైవులు, బ్రౌజర్ బుక్‌మార్కులు, అవుట్‌లుక్ వాడితే దాని ఫైళ్ళు, నాన్నగారు టాలీ వాడి ఉంటే ఆ డేటా ఫోల్డర్. కాపీ అయింది కదా అని ఊరుకోకండి, ఆ డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. తర్వాత చేసే పని వెనక్కి తీసుకోలేనిది. బ్యాకప్ తెరుచుకోలేదని అప్పుడు మా దగ్గరికి వచ్చినా చేయగలిగేది ఏమీ ఉండదు. ఎక్స్‌టర్నల్ డిస్కుని చెరిపే పని మొదలుపెట్టే ముందు కంప్యూటర్ నుంచి తీసి పక్క గదిలో పెట్టండి. తప్పు డిస్కు ఎంచుకుని బ్యాకప్‌నే చెరిపేసుకున్నవాళ్ళు బోలెడంతమంది.

రెండోది లైసెన్సులు, లాగిన్లు. టాలీకి లైసెన్స్ సరెండర్ చేసే వీలుంది, కంప్యూటర్ పనిచేస్తుండగానే అది చేసేయండి. అడోబీ లాంటివి ఉంటే వాటిలోంచి సైన్ అవుట్ అవ్వండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోనూ గూగుల్ అకౌంట్ పేజీలోనూ ఉండే పరికరాల జాబితాలోంచి ఈ కంప్యూటర్లని తీసేయండి. ఫోన్లో వాట్సాప్ తెరిచి లింక్డ్ డివైసెస్‌లో కూడా చూడండి. యూఎస్‌బీ పోర్టుల్లో డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, కార్డ్ రీడర్లో మెమరీ కార్డు, డీవీడీ ట్రేలో డిస్కు ఏమన్నా మిగిలాయేమో ఒకసారి చేత్తో తడిమి చూడండి. నవ్వకండి, డీవీడీ ట్రేలో కుటుంబ ఫంక్షన్ వీడియోలతో సహా వచ్చిన కంప్యూటర్లు మేం చూస్తూనే ఉంటాం.

ఇప్పుడు నాన్నగారి డెస్క్‌టాప్. 35 సార్ల కథ ఎక్కడిదంటే, న్యూజిలాండ్‌లో ఆక్లండ్ యూనివర్సిటీకి చెందిన పీటర్ గట్‌మన్ 1996లో ఒక పేపర్ రాశాడు. అప్పటికి వాడుకలో ఉన్న రకరకాల డిస్కు టెక్నాలజీలన్నిటికీ కలిపి 35 రకాల రాతలు సూచించాడు. ఒకే డిస్కు మీద 35 చేయమని కాదు దాని అర్థం. జనం దాన్ని దయ్యాల్ని తోలే మంత్రంలా పట్టుకున్నారని తర్వాత ఆయనే విసుక్కున్నాడు. అమెరికా రక్షణ శాఖ పేరుతో తిరిగే మూడు సార్ల పద్ధతి కూడా పాతదే. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ డేటా చెరపడం మీద ఇచ్చిన మార్గదర్శకాలు 800-88 నంబరుతో ఉంటాయి. 2014లో వాటిని సవరించినప్పుడే, ఈ కాలపు హార్డ్ డిస్కు మొత్తం ఒక్కసారి సున్నాల్లాంటి వాటితో రాసేస్తే ల్యాబుకి తీసుకెళ్ళినా తిరిగి రాబట్టడం సాధారణంగా కుదరదని స్పష్టంగా చెప్పారు. మా అనుభవమూ అదే. సున్నాలు నింపిన డిస్కు తెచ్చి "ఎంతైనా ఇస్తాం" అన్నా మేం చేతులెత్తేస్తాం. 35 సార్లు చేస్తే రోజులు పడుతుంది, పాత డిస్కు మధ్యలోనే చచ్చిపోయే అవకాశం కూడా ఉంది. అప్పుడు చెరిపీ చెరపని డిస్కు ఒకటి మీ నెత్తిన పడుతుంది.

అదనపు సాఫ్ట్‌వేర్ ఏదీ లేకుండా చేసే పద్ధతి ఒకటుంది. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి, 8 జీబీది చాలు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్‌తో అవుతుంది. దానితో కంప్యూటర్ బూట్ చేసి (అంటే డిస్కు బదులు పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ అయ్యేలా చేసి) మొదటి స్క్రీన్ రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కమాండ్ విండో వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్ అంటే డిస్కులన్నీ సైజులతో చూపిస్తుంది. 500 జీబీది అక్కడ 465 జీబీ అని కనిపిస్తుంది, భయపడకండి. సైజు చూసి నంబరు నిర్ధారించుకుని, సెలెక్ట్ డిస్క్ అని ఆ నంబరు ఇచ్చి, క్లీన్ ఆల్ అని కొట్టాలి. ఇవన్నీ ఇంగ్లీషులోనే టైపు చేయాలని వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఒక్క పదం తేడాతో పని చెడుతుంది. క్లీన్ అని ఊరుకుంటే పార్టిషన్ పట్టిక మాత్రమే పోతుంది, రెప్పపాటులో అయిపోతుంది. క్లీన్ ఆల్ అంటేనే ప్రతి సెక్టారులో (డిస్కులోని ప్రతి చిన్న గడిలో) సున్నా పడుతుంది. ఎంత శాతం అయిందో చూపించదు, కర్సర్ మెరుస్తూ ఉంటుంది. హ్యాంగ్ అయిందనుకుని ఆపేయకండి. సెకనుకి 100 ఎంబీ రాసే డిస్కు అయితే 500 జీబీకి గంటన్నర, 1 టీబీకి మూడు గంటల దగ్గర. పాత డిస్కులు దీనికన్నా నెమ్మది. కరెంటు పోయే వేళ కాకుండా చూసుకోండి, లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి.

ఈ కమాండులు టెన్షన్ అనిపిస్తే ష్రెడ్‌ఓఎస్ అనేది ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లోంచి బూట్ అయి ఎన్‌వైప్ అనే ప్రోగ్రామ్ నడుపుతుంది. ఎంత పూర్తయిందో చూపిస్తుంది, చివర్లో చదివి సరిచూస్తుంది కూడా. పాతకాలం నుంచి అందరూ చెప్పే డీబ్యాన్‌కి 2015 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, అది ఎస్ఎస్‌డీలకి పనికిరాదు. దాన్ని వదిలేయండి.

ఒక చిన్న మినహాయింపు ఉంది. డిస్కు పాతబడే కొద్దీ కొన్ని సెక్టార్లు పాడైతే డిస్కే వాటిని పక్కన పెట్టి వేరే చోటు వాడుకుంటుంది. ఆ పక్కన పెట్టినవాటి మీద మనం రాసే సున్నాలు పడవు. ఇంటి కంప్యూటర్‌కి దాని గురించి నేనైతే పట్టించుకోను. అక్కడక్కడా అర కిలోబైటు, నాలుగు కిలోబైట్ల ముక్కలే ఉంటాయి, వాటిని చదవడానికీ మామూలు పద్ధతులు చాలవు.

నిజానికి ఈ డెస్క్‌టాప్‌కి నా సలహా వేరు. 2012 నాటి హార్డ్ డిస్కు ఇప్పటికే దాని ఆయుష్షు తినేసింది. దాన్ని ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి. రెండు స్క్రూలు, రెండు కేబుళ్ళు, అంతే పని. దాని స్థానంలో చిన్న సాటా (పాత హార్డ్ డిస్కు కేబుల్‌కే తగిలే రకం) ఎస్ఎస్‌డీ ఒకటి కొని వేయండి. డేటా సమస్య అక్కడితో తీరిపోతుంది, స్కూలుకి వెళ్ళే కంప్యూటర్ కూడా మునుపటి కన్నా చురుగ్గా నడుస్తుంది. ఊడదీసిన డిస్కుని తీరిగ్గా చెరుపుకోవచ్చు.

ఇప్పుడు లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ. ఇక్కడ హార్డ్ డిస్కు పద్ధతి మక్కీకి మక్కీ పనిచేయదు. ఎస్ఎస్‌డీలో మనం ఒక చోట రాయమంటే అది ఇంకో చోట రాస్తుంది, చిప్పులు సమానంగా అరగాలని. పైగా మనకి కనిపించే 256 జీబీ కన్నా లోపల కొంత ఎక్కువ స్థలం ఉంటుంది, అది మన చేతికి అందదు. కాబట్టి ఫైలు ష్రెడ్డర్ అని దొరికే సాఫ్ట్‌వేర్లు ఒక ఫైలు మీద పదిసార్లు రాశామని చెప్పినా, పాత కాపీ లోపల ఎక్కడో మిగిలే ఉండొచ్చు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియేగో క్యాంపస్ పరిశోధకులు 2011లో దీన్ని పరీక్షించి చూపించారు. ఒక్కో ఫైలుని చెరిపే హార్డ్ డిస్కు పద్ధతులు ఏవీ ఎస్ఎస్‌డీ మీద పనిచేయలేదు. మొత్తం ఎస్ఎస్‌డీని రెండుసార్లు రాసేస్తే చాలావరకు సరిపోయింది, అన్ని సందర్భాల్లోనూ కాదు. డ్రైవులో కంపెనీ పెట్టిన ఎరేజ్ కమాండ్ బాగా పనిచేసింది, కానీ అప్పట్లో కొన్ని కంపెనీలు ఆ కమాండునే తప్పుగా రాసి పెట్టాయని కూడా తేలింది.

అందుకని రెండు అంచెలు పెట్టుకోండి. మొదటిది ఎన్‌క్రిప్షన్. విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్ ఉంటుంది. హోమ్ అయితే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ కొన్ని లాప్‌టాప్‌లలోనే కనిపిస్తుంది, లేకపోతే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడొచ్చు. బిట్‌లాకర్ పెట్టేటప్పుడు వాడిన స్థలం వరకే ఎన్‌క్రిప్ట్ చేయనా, మొత్తం డ్రైవ్ చేయనా అని అడుగుతుంది. మొదటిది త్వరగా అవుతుంది కాబట్టి అందరూ అదే నొక్కుతారు. పాత కంప్యూటర్‌కి మొత్తం డ్రైవ్ అనే ఎంచుకోవాలి, ఎందుకంటే మీరు ఇదివరకు డిలీట్ చేసినవన్నీ ఖాళీగా కనిపించే ఆ స్థలంలోనే ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ పూర్తయ్యాక తాళంచెవిని నాశనం చేస్తే మిగిలిన ముక్కలు ఎవరికి దొరికినా అర్థం లేని బైట్లే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచిన రికవరీ కీని కూడా, పని అంతా అయ్యాక, తీసేయండి.

రెండో అంచె సెక్యూర్ ఎరేజ్. ముందు బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్ళి చూడండి. హెచ్‌పీ, డెల్, లెనోవో బిజినెస్ మోడళ్ళలో సెక్యూర్ ఎరేజ్ అనో డేటా వైప్ అనో అక్కడే ఉంటుంది, దానికన్నా సులువైనది లేదు. మామూలు మోడళ్ళలో ఉండకపోవచ్చు. అప్పుడు ఎస్ఎస్‌డీ కంపెనీ సాఫ్ట్‌వేర్ చూడండి. శామ్‌సంగ్‌కి మెజీషియన్, క్రూషియల్‌కి స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, ఇలా చాలా కంపెనీలకి ఉన్నాయి. విండోస్ నడుస్తున్న డ్రైవుని విండోస్‌లో ఉండగానే చెరపడం కుదరదు కాబట్టి కొన్ని పెన్‌డ్రైవ్ తయారు చేసి దాన్నుంచి బూట్ చేయమంటాయి. లినక్స్ తెలిసినవాళ్ళకి ఎన్‌వీఎంఈ డ్రైవుల కోసం ఎన్‌వీఎంఈ-సీఎల్ఐ, సాటా వాటి కోసం హెచ్‌డీపార్మ్ ఉన్నాయి. హెచ్‌డీపార్మ్ డ్రైవు ఫ్రోజెన్ అని మొండికేస్తే కంప్యూటర్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపండి, చాలాసార్లు దారికొస్తుంది. ఈ కమాండుతో ఎస్ఎస్‌డీ నిమిషాల్లో, కొన్నిసార్లు సెకన్లలోనే ఖాళీ అవుతుంది. ఇంత తొందరగానా అని అనుమానపడకండి. ఇక్కడ చెరిపేది బయటి నుంచి మనం కాదు, డ్రైవే.

ఇవేవీ కుదరకపోతే? ఎన్‌క్రిప్షన్ పూర్తయిన ఎస్ఎస్‌డీ మీద క్లీన్ ఆల్ కొట్టండి. స్కూలుకి ఇచ్చే ఇంటి లాప్‌టాప్‌కి అది చాలు. మీరు ఆడిటరో, డాక్టరో అయి క్లయింట్ల ఫైళ్ళు అందులో ఉండి ఉంటే మాత్రం అంతటితో సరిపెట్టుకోమని చెప్పను.

"విండోస్‌లోనే రీసెట్ దిస్ పీసీ ఉంది కదా, ఇంత తతంగం ఎందుకు" అంటారేమో. వాడొచ్చు, కానీ సరిగ్గా వాడాలి. రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకున్నాక చేంజ్ సెట్టింగ్స్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో క్లీన్ డేటా ఆన్ చేయకపోతే జరిగేది షాపువాడి ఫార్మాట్ లాంటిదే. అన్ని డ్రైవుల్లోంచి తీసేయాలా అన్న దానికి కూడా అవునని పెట్టాలి, లేదంటే డి డ్రైవ్ కథ మళ్ళీ మొదటికొస్తుంది. క్లీన్ డేటా ఆన్ చేసినా అది ఇంటి వాడకం కోసమేనని, ప్రభుత్వ, పరిశ్రమ ప్రమాణాలకి సరిపోదని మైక్రోసాఫ్టే రాసింది. బిట్‌లాకర్‌తో ముందే ఎన్‌క్రిప్ట్ అయిన ఎస్ఎస్‌డీకి ఇది మంచి మార్గం. ఎన్‌క్రిప్ట్ కాని 1 టీబీ హార్డ్ డిస్కుకి నేనైతే క్లీన్ ఆల్‌నే నమ్ముతాను.

ఇదే ప్రశ్నతో మ్యాక్ ఉన్నవాళ్ళు కూడా వస్తారు కాబట్టి ఒక మాట. ఆపిల్ సొంత చిప్ ఉన్నవాటిలో, టీ2 చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌లలో మాంటెరీ వెర్షన్ నుంచి ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ ఉంది. అది తాళంచెవినే నాశనం చేస్తుంది, ఇంకేమీ అక్కర్లేదు. ఫైండ్ మై (పోయిన పరికరాన్ని వెతికే ఆపిల్ సదుపాయం) నుంచి మ్యాక్‌ని తీసేయడం మాత్రం మరవకండి, లేకపోతే తీసుకున్నవాళ్ళు దాన్ని తెరవలేరు.

చెరిపాక చూసుకోవడం ఎలా? కొత్త విండోస్ ఎక్కించక ముందే చూడాలి, ఎక్కించాక దాని ఫైళ్ళే వేలకొద్దీ కనిపించి తికమక పెడతాయి. లినక్స్ మింట్ లాంటిది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాన్నుంచి బూట్ చేయండి, ఫోటోరెక్ ఇన్‌స్టాల్ చేసి ఒక్కో డిస్కు మీద నడపండి. పార్టిషన్ కాకుండా మొత్తం డిస్కు ఎంచుకోండి. ఒక్క ఫోటో కూడా బయటపడకూడదు. లిస్టులో రెండు డిస్కులూ కనిపిస్తున్నాయా అన్నది ముఖ్యం. లాప్‌టాప్‌లో ఒకటే కనిపిస్తే రెండోది చెరిగినట్టు కాదు, మీరు చూడనట్టు.

డిస్కు అసలు కంప్యూటర్‌కి కనపడటం లేదు, టిక్ టిక్ మంటోంది అంటే చెరపడం కుదరదు. అలాంటి డిస్కులోంచి కూడా ల్యాబులో డేటా తీయగలరు, మా వృత్తే అది. దాన్ని ఊడదీసి డ్రిల్లింగ్ మెషీన్‌తో ప్లేటర్లకి (లోపల డేటా ఉండే గుండ్రటి పలకలకి) అడ్డంగా నాలుగైదు రంధ్రాలు పెట్టండి. లాప్‌టాప్ డిస్కుల్లో ప్లేటర్ తరచూ గాజుది, ముక్కలై చిమ్ముతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి. ఎస్ఎస్‌డీ అయితే బోర్డు మీద ఉన్న నల్ల చిప్పులు ప్రతి ఒక్కటీ పగలాలి, బోర్డుని మధ్యకి విరిస్తే చిప్పులు క్షేమంగానే ఉంటాయి. ఏదీ కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు. లాప్‌టాప్ బ్యాటరీ దగ్గరికి డ్రిల్లు పోనివ్వకండి. మిగిలిన ముక్కల్ని రిజిస్టర్డ్ ఇ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వండి.

ఇది చదువుతున్నవాళ్ళలో క్లినిక్‌లు, ట్యూషన్ సెంటర్లు, చిన్న ఆఫీసులు నడిపేవాళ్ళు ఉంటే ఒక మాట. పాత సిస్టములన్నీ లాటుగా ఒకరికి అమ్మేసి "డేటా మీరే చెరిపేయండి" అనడం పెద్ద రిస్కు. మోర్గాన్ స్టాన్లీ అంతటి సంస్థ ఈ పనిని డేటా చెరపడంలో అనుభవం లేని సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. కస్టమర్ల వివరాలు చెరపని పరికరాలు ఆన్‌లైన్ వేలంలో తేలాయి. 2022లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 3.5 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మన దగ్గర కూడా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ఇంట్లో సొంత అవసరాలకి వాడుకునే డేటాకి ఆ చట్టం వర్తించదు, కానీ పేషెంట్ల రిపోర్టులు సొంత అవసరం కిందికి రావు. కనీసం ఏ డిస్కుని, ఏ సీరియల్ నంబరుని, ఏ తేదీన, ఎలా చెరిపారో ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇదివరకే ఓ కంప్యూటర్ ఎవరికో ఇచ్చేసి, ఇది చదివాక గుండె గుభేల్‌మన్నవాళ్ళు చేయగలిగింది కొంత ఉంది. గూగుల్, మైక్రోసాఫ్ట్ అకౌంట్లలో అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు ఏమేం ఉన్నాయో చూసి, బ్యాంకు, మెయిల్ ముందు మార్చండి, రెండో అంచె ధ్రువీకరణ పెట్టండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. వీలైతే ఆ మనిషిని అడిగి కంప్యూటర్‌ని ఒక పూట తెచ్చుకుని చెరిపి ఇచ్చేయడం అన్నిటికన్నా మేలు.

మీ విషయానికొస్తే, చెరిపిన డిస్కుతో స్కూలుకి ఇస్తే వాళ్ళకి పనికిరాదు. లాప్‌టాప్‌లో విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డిస్కు ఖాళీ చేసినా లైసెన్స్ పోదు, మళ్ళీ ఎక్కించి నెట్‌కి కలిపితే అదే యాక్టివేట్ అవుతుంది. అయితే విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది ఎనిమిదో తరం ఇంటెల్ లేదా ఆ తర్వాతది అయితే 11 వేసి ఇవ్వండి. డెస్క్‌టాప్‌కి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ సరిపోతుంది, లిబ్రెఆఫీస్ దానితోనే వస్తుంది, తెలుగు టైపింగ్ కూడా పెట్టుకోవచ్చు. రెండిట్లోనూ మీ పేరుతో కాకుండా స్కూలు పేరుతో లోకల్ అకౌంట్ తయారు చేయండి. బయోస్‌కి ఎప్పుడో పాస్‌వర్డ్ పెట్టి ఉంటే తీసేయండి. అది మర్చిపోతే రేపు కంప్యూటర్ మాస్టారు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయబోయి మీకే ఫోన్ చేస్తారు.